టు-లెట్ బోర్డు కట్టేముందు

అద్దె కోసం చిన్న ఇల్లో, ఫ్లాటో కొనాలనుకుంటున్నవారి నుంచి, కొనేసి తలపట్టుకున్నవారి నుంచి వచ్చిన ప్రశ్నలివి. ఒకే తరహావి కలిపేశాం. లెక్కలు ఉన్నచోట మీ ఊరి ధరలు పెట్టి మళ్లీ వేసుకోండి.

ప్రశ్న: కూకట్‌పల్లిలో పన్నెండేళ్ల పాత డబుల్ బెడ్‌రూం ఫ్లాటు 45 లక్షలు చెబుతున్నారు. ఇప్పుడు 15 వేలు అద్దె వస్తోంది. 30 లక్షలు లోను పెట్టుకుంటే అద్దెతోనే ఈఎంఐ తీరిపోతుందని ఏజెంటు అంటున్నాడు. నిజమేనా?
*— ప్రైవేటు ఉద్యోగి, హైదరాబాద్*

తీరదు. 8.5 శాతం వడ్డీ, 20 ఏళ్ల గడువు అనుకుంటే 30 లక్షలకు ఈఎంఐ 26 వేల పైమాటే. అద్దె 15 వేలు. ఆ 15 వేలు కూడా పూర్తిగా మీ చేతికి రావు.

ముందు పెట్టుబడి ఎంతో చూడండి. ధర 45 లక్షలు. తెలంగాణలో స్టాంపు డ్యూటీ 5.5, బదిలీ సుంకం 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 0.5, వెరసి 7.5 శాతం. అంటే 3,37,500. (ఆంధ్రప్రదేశ్‌లో 5, 1.5, 1గా విడగొడతారు, మొత్తం మాత్రం అంతే.) పన్నెండేళ్ల ఫ్లాటంటే రంగులు, కుళాయిలు, ఉబ్బిపోయిన బాత్రూం తలుపులు, కాలిపోయిన స్విచ్‌బోర్డులు తప్పవు. వాటికి 1,12,500 వేసుకుందాం. మొత్తం 49.5 లక్షలు.

ఇక రాబడి. ఏడాదికి 1,80,000. ఏడాదికో నెల ఖాళీగా ఉంటుందనుకుని 15 వేలు కొట్టేయండి. ఆస్తి పన్ను 4 వేలు, చిల్లర మరమ్మతులు 9 వేలు, మూడేళ్లకోసారి వేసే రంగుల ఖర్చును ఏడాదికి సర్దితే 8 వేలు. మిగిలింది 1,44,000. నెలకు 12 వేలు, పెట్టుబడి మీద 2.9 శాతం. ఖాళీగా ఉన్న నెలలో అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ కూడా మీదేనని ఇందులో ఇంకా కలపలేదు.

అంటే మీ జేబులోంచి ముందు 19.5 లక్షలు పెట్టి, ఆపైన నెలనెలా 14 వేలు జీతంలోంచి వెయ్యాలి. అద్దె మీద 4 శాతమైనా నికరంగా రావాలంటే అన్ని ఖర్చులతో కలిపి ఆ ఫ్లాటు 36 లక్షలకు రావాలి. ఆ ధరకు అమ్మేవాడు దొరకడు. కాబట్టి మీరు కొంటున్నది అద్దె కోసం కాదు, రేపు ధర పెరుగుతుందన్న ఆశతో. అది తప్పేమీ కాదు గానీ తెలిసి కొనాలి.

ధర పెరగడం మీదే ఆశ ఉంటే చూడాల్సింది చదరపు అడుగులు కాదు, మీ పేరన రాసే అవిభాజ్య స్థలం ఎన్ని గజాలన్నది. గోడలు ఏటా పాతబడతాయి, విలువ పెరిగేది నేలే. ఒకే వీధిలో వెయ్యి అడుగుల ఫ్లాట్లు రెండున్నా ఒకదానికి 30 గజాలు, ఇంకొకదానికి 50 గజాలు వాటా ఉండొచ్చు. దస్తావేజు షెడ్యూలులో ఆ అంకె రాసి ఉంటుంది, అడిగి చదవండి.

లోను విషయంలో ఇంకో మాట. 30 లక్షలు దాటి 75 లక్షల వరకు గృహరుణానికి రిజర్వ్ బ్యాంకు పరిమితి ఆస్తి విలువలో 80 శాతం. ఆ విలువలో రిజిస్ట్రేషన్ ఖర్చులు కలవవు. పైగా ఆ విలువ కట్టేది బ్యాంకు పంపే వాల్యూయర్, పాత ఫ్లాటుకు అతను మీ ధర కంటే తక్కువే రాయొచ్చు. లోను మంజూరు కాకముందే పెద్ద అడ్వాన్సు ఇచ్చేవారు ఇక్కడే ఇరుక్కుంటారు. అడ్వాన్సు చెక్కుగానో బదిలీగానో ఇవ్వండి. స్థిరాస్తి లావాదేవీలో 20 వేలు, అంతకు మించి నగదు తీసుకుంటే, తీసుకున్నవారికి అంత మొత్తమూ పెనాల్టీ పడొచ్చు.

ప్రశ్న: ఖమ్మంలో 120 గజాల్లో జీ ప్లస్ వన్, మూడు పోర్షన్ల పాత ఇల్లు బేరానికి ఉంది. అమ్మేవారి తండ్రి పోయి నాలుగేళ్లయింది. ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే పత్రం) క్లీన్‌గా ఉందన్నారు. సరిపోతుందా?
*— ఉపాధ్యాయురాలు, ఖమ్మం*

ఈసీ క్లీన్‌గా ఉండటమంటే రిజిస్టరైన చిక్కులు లేవని మాత్రమే. నోటి మాటగా జరిగిన పంపకాలు, రిజిస్టర్ కాని అగ్రిమెంట్లు, కోర్టు కేసులు అందులో కనపడవు. ఆన్‌లైన్‌లో దొరికే ఈసీ 1983 నుంచే. అంతకు ముందుది కావాలంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో పాత పుస్తకాలు తీయించాలి. తీసేటప్పుడు దస్తావేజు నంబరుతో ఒకసారి, ఇంటి నంబరుతో ఒకసారి, సర్వే నంబరుతో ఒకసారి విడివిడిగా వెతకండి. ఇంటి నంబర్లు మారిన ఊళ్లలో ఒకదానిలో రానిది ఇంకొకదానిలో వస్తుంది. అక్కడే నిషేధిత జాబితా కూడా చూసుకోండి. రిజిస్ట్రేషన్ చట్టం 22ఏ కింద ఉన్న భూమి అయితే బేరం అక్కడితో ఆపేయడమే.

మీ ప్రశ్నలో అసలు చిక్కు తండ్రి పోవడం. వారసుల ధ్రువపత్రం అడగండి, అందులో ఉన్నవారంతా సంతకం పెట్టాలి. అన్నదమ్ములు పెట్టి, పెళ్లయి వెళ్లిపోయిన అక్కచెల్లెళ్లను వదిలేసే దస్తావేజులే మన దగ్గర ఎక్కువగా కోర్టుకెక్కుతాయి. హిందూ కుటుంబాల్లో తండ్రి స్వార్జితమైతే వీలునామా లేనప్పుడు కూతుళ్లకూ కొడుకులతో సమానంగా వాటా వస్తుంది, తల్లి ఉంటే ఆమెకూ. పూర్వీకుల ఆస్తి అయితే 2005 కేంద్ర సవరణకు ఇరవై ఏళ్ల ముందే, 1985 సెప్టెంబరు నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆడపిల్లలకు వాటా ఇచ్చే చట్టం అమల్లోకి వచ్చింది. ‘మా అక్క ఏమీ అనదండీ’ అన్న మాటకు విలువ లేదు. ఆమె వచ్చి వేలిముద్ర వేస్తేనే విలువ.

ఒరిజినల్ లింక్ డాక్యుమెంట్లు (ఇల్లు ఇంతకుముందు చేతులు మారిన దస్తావేజులు) చేతితో పట్టుకుని చూడండి. ‘పోయాయి, జిరాక్సులే ఉన్నాయి’ అంటే అవి ఏ ఫైనాన్సు కంపెనీ బీరువాలోనో ఉండి ఉండొచ్చు. బ్యాంకుల తనఖాలు నమోదు చేసే సెర్సాయ్ పోర్టల్‌లో కొద్దిపాటి ఫీజు కట్టి ఎవరైనా వెతకొచ్చు. జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) మీదో, నోటరీ కాగితం మీదో చేతులు మారిన ఇల్లయితే జాగ్రత్త. జీపీఏ ద్వారా అమ్మకం యాజమాన్యాన్ని ఇవ్వదని సుప్రీంకోర్టు 2011లోనే తేల్చింది.

మున్సిపాలిటీ ప్లాను ఉంటే అందులో ఎన్ని అంతస్తులున్నాయో, నేల మీద ఎన్నున్నాయో పోల్చండి. ఇప్పుడున్న అద్దెదారులతో కూడా మాట్లాడండి. అడ్వాన్సు ఎంత ఇచ్చారు, ఎవరికి ఇచ్చారు, అద్దె ఏ నెల వరకు కట్టారు. ఆ అడ్వాన్సుల మొత్తాన్ని ధరలో తగ్గించుకోవాలి, లేదంటే వాళ్లు వెళ్లే రోజు మీ జేబులోంచి ఇవ్వాలి.

విలువ 50 లక్షలు, ఆపైన ఉంటే కొనేవారే 1 శాతం టీడీఎస్ (చెల్లించేటప్పుడే కోసే ఆదాయపు పన్ను) కోసి కట్టాలి. వారసుల్లో ఒక్కరు ఎన్నారై అయినా వారి వాటాకు ఈ 1 శాతం, 50 లక్షల లెక్క వర్తించవు. కోత చాలా ఎక్కువ. రిజిస్ట్రేషన్‌కు ముందే ఆడిటర్ దగ్గరికి వెళ్లండి.

ప్రశ్న: మూడు పోర్షన్లకు ఒకటే కరెంటు మీటరు. సబ్‌మీటర్లు పెట్టి యూనిట్ లెక్కన వసూలు చేస్తున్నాను. ప్రతినెలా గొడవే.
*— ఇంటి యజమాని, వరంగల్*

గొడవకు కారణం అద్దెదారులు కాదు, స్లాబులు. ఒక్కో పోర్షన్ 150 యూనిట్లు కాలుస్తుందనుకోండి. 2022 ఏప్రిల్ నుంచి వచ్చిన తెలంగాణ టారిఫ్ ప్రకారం విడి మీటరైతే తొలి 100 యూనిట్లు 3.40 చొప్పున, తర్వాతి 50 యూనిట్లు 4.80 చొప్పున, 580 రూపాయలు. మూడిళ్లకు 1,740. అదే 450 యూనిట్లు ఒక్క మీటరు మీద తిరిగితే తొలి 200 యూనిట్లకే 5.10, తర్వాతి వందకు 7.70, ఆపై వందకు 9, మిగతా 50కి 9.50. మొత్తం 3,165. వాడిన కరెంటు అంతే, ఎనర్జీ చార్జీలే 1,425 ఎక్కువ. దాన్ని ఎవరి మీద వేసినా వాళ్లకు కోపం రావడం సహజం.

గృహజ్యోతి పథకం కింద 200 యూనిట్ల వరకు ఉచితం కూడా మీటరును బట్టే. తెల్ల రేషన్ కార్డున్న అద్దెదారులకు అర్హత ఉన్నా, మీ ఉమ్మడి మీటరు 200 దాటుతుంది కాబట్టి ముగ్గురికీ రాదు. డిస్కంలో (కరెంటు పంపిణీ సంస్థలో) పోర్షన్‌కో సర్వీసు దరఖాస్తు చేయండి. ప్రతి పోర్షన్‌కూ విడి ద్వారం, విడి వంటిల్లు, విడి వైరింగ్ ఉండాలి. ఎలక్ట్రీషియన్‌తో ముందు వైరింగ్ విడగొట్టించండి. ఒక ఇంటి గీజర్ పక్కింటి మీటరు మీద నడవడం పాత ఇళ్లలో మామూలే. పరీక్ష సులువు: ఒక పోర్షన్ మెయిన్ కట్టేసి మిగతా రెండిళ్లలో ఏం ఆగిందో చూడటమే. మోటారు, మెట్ల లైట్లు నాలుగో మీటరు మీద పెట్టుకుని ఆ బిల్లు మీరే కట్టి, అద్దెలో కలపండి. నూట ఇరవై రూపాయల మోటారు బిల్లును మూడు భాగాలు చేసి అడగడం కంటే అది హాయి.

ప్రశ్న: పై పోర్షన్ బాత్రూం కింద మా సీలింగ్‌కి చెమ్మ దిగుతోందని కింది అద్దెదారు ఫిర్యాదు. మేస్త్రి టైల్స్ అన్నీ పగలగొట్టాలంటున్నాడు.
*— పాఠకుడు, విజయవాడ*

పగలగొట్టే ముందు నాలుగు రోజులు ఓపిక పట్టండి. నీళ్లు మూడు దారుల్లో రావొచ్చు: గోడలోని కుళాయి పైపు, గచ్చు, మురుగు పైపు. ఏదో తేలకుండా టైల్స్ తీస్తే డబ్బు ఖర్చవుతుంది, చెమ్మ అలాగే ఉంటుంది.

మొదటి రెండు రోజులు ఆ బాత్రూం ఎవరూ వాడకూడదు, కానీ ట్యాంకు నుంచి వచ్చే వాల్వు తెరిచే ఉండాలి. వాడకం లేకపోయినా కింద తడి పెరుగుతుంటే అది నిండుగా ఉండే కుళాయి పైపు లీకు. చెమ్మ ఆరుతూ వస్తే పైపు బాగుందని అర్థం. అప్పుడు నహానీ ట్రాప్‌లో (గచ్చు మీది నీళ్లు పోయే తూములో) పాలిథిన్ సంచిలో చుట్టిన పాత గుడ్డ కుక్కి, గచ్చు మీద అంగుళం నీళ్లు నిలపండి. నీటి అంచున గోడ మీద పెన్సిల్‌తో గీత గీయండి. నీళ్లలో బట్టలకు వేసే నీలిమందు కాస్త కలిపితే ఇంకా మంచిది. 24 గంటల తర్వాత గీత కంటే బాగా దిగి, కింద నీలం మరక తేలితే గచ్చు వాటర్‌ప్రూఫింగ్ పోయినట్టు. దిగకపోతే గుడ్డ లాగి నీళ్లన్నీ ఒక్కసారిగా పోనివ్వండి. అప్పుడు తడి వస్తే ట్రాప్ జాయింట్ దగ్గర లోపం, రెండడుగుల మేర టైల్స్ తీస్తే పని అయిపోతుంది. కమోడ్ ఫ్లష్ విడిగా పరీక్షించండి.

నిజంగా గచ్చే పోయుంటే మొత్తం తీయక తప్పదు. కొత్త వాటర్‌ప్రూఫ్ కోటింగు రెండు పూతలు, గోడల మీదికి కనీసం అడుగు ఎత్తు వరకు వేయించి, టైల్స్ అతికే ముందు మళ్లీ 24 గంటలు నీళ్లు నిలిపి చూడమనండి. చాలామంది మేస్త్రులు ఈ ఒక్క మెట్టు దాటేస్తారు, ఎందుకంటే ఆ రోజు కూలీ దండగ. ఆ రోజు కూలీ మీరే ఇస్తానని ముందే చెప్పండి.

ప్రశ్న: పదకొండు నెలల అగ్రిమెంటు వంద రూపాయల స్టాంపు పేపరు మీద రాసుకుంటే చాలు కదా?
*— పాఠకురాలు, గుంటూరు*

దేశమంతా వినపడే ఈ సలహా తెలుగు రాష్ట్రాల్లో చెల్లదు. ఏడాది దాటిన లీజులే రిజిస్టర్ చేయాలన్నది కేంద్ర చట్టం మాట. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఆ నిబంధనను సవరించి లీజులన్నింటికీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేసింది. రిజిస్టర్ కాని కాగితం ఉంటే ఇల్లు ఖాళీ చేయించలేరని కాదు. కానీ అందులో మీరు రాసుకున్న లాకిన్ (ఇంతకాలం ఖాళీ చేయకూడదన్న షరతు), ఏటా 5 శాతం పెంపు లాంటి షరతులను కోర్టులో రుజువుగా నిలబెట్టడం కష్టం. స్టాంపు తక్కువైతే లోటుకు పది రెట్ల వరకు జరిమానా కట్టాకే కోర్టు ఆ కాగితం ముట్టుకుంటుంది. చిన్న పోర్షన్‌కు చాలామంది రిజిస్టర్ చేయరు, అది వాస్తవం. దుకాణానికో, పెద్ద అద్దెకో ఇస్తుంటే మాత్రం చేయించండి.

కాగితంలో ఏం రాయాలన్నదానికి వస్తే, అద్దె తేదీ, అడ్వాన్సు, నోటీసు గడువు అందరూ రాస్తారు. వదిలేసేది సామాన్ల జాబితా. ఫ్యాన్లు ఎన్ని, గీజర్ ఏ కంపెనీ, తాళాలు ఎన్ని జతలు, మీటరు రీడింగు ఎంత. తాళాలిచ్చే రోజు ప్రతి గదికీ వీడియో తీసి వాట్సాప్‌లో అద్దెదారుకే పంపండి. ఖాళీ చేసే రోజు ‘ఆ టైలు ముందే పగిలుంది’ అన్న వాదన ఉండదు. రంగుల ఖర్చు అడ్వాన్సులోంచి కోస్తారా లేదా, కోస్తే ఎంత, అంకె వేసి రాయండి. హైదరాబాద్‌లో రెండు నెలల అడ్వాన్సులో ఒక నెల రంగుల పేరుతో పోవడం మీద వచ్చినన్ని తగాదాలు ఇంక దేనిమీదా రావు. ఆధార్ కాపీ, పనిచేసే చోటు చిరునామా తీసుకుని స్థానిక పోలీస్ స్టేషన్లో అద్దెదారు వివరాలు ఇవ్వండి.

ప్రశ్న: మూడు నెలలుగా అద్దె ఇవ్వడం లేదు. కరెంటు, నీళ్లు ఆపేస్తే వాళ్లే పోతారని అందరూ అంటున్నారు.
*— పేరు వద్దన్న పాఠకుడు, రాజమహేంద్రవరం*

ఆపకండి. ఆపిన రోజు నుంచి తప్పు మీ వైపు తిరుగుతుంది. అద్దెదారు పోలీసులకో, కోర్టుకో వెళ్తే బకాయి సంగతి పక్కకు పోతుంది. నెలవారీ అద్దె ఇల్లయితే ఆస్తి బదలాయింపు చట్టం ప్రకారం 15 రోజుల నోటీసు ఇచ్చి అద్దె రద్దు చేయొచ్చు. అగ్రిమెంటులో వేరే గడువుంటే అది పాటించండి. నోటీసు లాయరు ద్వారా, స్పీడ్ పోస్టులో అందినట్టు రుజువు వచ్చేలా పంపండి. నోటీసు తర్వాత అద్దె తీసుకునేటప్పుడు జాగ్రత్త, పాత అద్దె కొనసాగించారనే వాదనకు అది దారి ఇస్తుంది. లాయరు చెప్పినట్టు రసీదు రాయండి.

మీ దగ్గరున్నది మామూలుగా తీసుకునే రెండు నెలల అడ్వాన్సే అయితే మూడో నెల దాకా ఎందుకు ఆగారన్నది అసలు ప్రశ్న. అద్దె పదో తేదీ దాటితే మాట, ఇరవయ్యో తేదీ దాటితే వాట్సాప్ సందేశం, రెండో నెల మొదటి వారంలో నోటీసు. అప్పుడు ఖాళీ చేయించేలోపు పోయేది అడ్వాన్సులో సర్దుకునేంతే ఉంటుంది.

ప్రశ్న: డాలస్‌లో ఉంటాం. మియాపూర్ ఫ్లాటు అద్దెకిచ్చాం, మామయ్య చూసుకుంటున్నారు. పన్నుల సంగతేంటి?
*— పాఠకురాలు, అమెరికా*

అద్దె ఎన్నార్‌వో ఖాతాలో (ఎన్నారైలు ఇక్కడి ఆదాయం వేసుకునే బ్యాంకు ఖాతాలో) పడాలి, మామయ్యగారి ఖాతాలో కాదు. మీరు ఎన్నారై కాబట్టి అద్దెదారు ప్రతినెలా 31.2 శాతం టీడీఎస్ కోసి కట్టాలి. దేశంలో ఉన్న యజమానులకు వర్తించే నెలకు 50 వేల పరిమితి దీనికి లేదు. 20 వేల అద్దెకు 6,240 కోసి, టాన్ నంబరు (టీడీఎస్ కోసేవారికి ఇచ్చే నంబరు) తీసుకుని, మూడు నెలలకోసారి రిటర్న్ వేయమంటే మామూలు అద్దెదారు బెదిరిపోతాడు. అందుకే ఏదైనా కంపెనీ లీజుకు దొరికితే ఎన్నారైలకు సుఖం. లేదా తక్కువ కోతకు ఆదాయపు పన్ను శాఖ నుంచి సర్టిఫికెట్ తెచ్చుకోండి. ఎక్కువ కోసినది రిటర్న్ వేసి తిరిగి తీసుకోవచ్చు.

పన్ను లెక్క మాత్రం మీకూ, ఇక్కడివారికీ ఒకటే. అద్దెలోంచి ఆ ఏడాది మీరు కట్టిన ఆస్తి పన్ను తీసేసి, మిగిలినదాంట్లో 30 శాతం మరమ్మతుల పేరిట కొట్టేస్తారు. రసీదులు అక్కర్లేదు, నిజంగా ఖర్చయినా కాకపోయినా అంతే. ఆపైన లోను వడ్డీ. కొత్త పన్ను విధానంలో వడ్డీ వల్ల వచ్చిన నష్టాన్ని జీతంలోంచి తగ్గించుకోవడం కుదరదు. పాతదాంట్లో 2 లక్షల వరకు కుదురుతుంది. లోను మీద కొనేవారు ఈ తేడా కొనక ముందే చూసుకోవాలి. అమెరికాలోనూ ఈ అద్దె చూపించాలి, ఎన్నార్‌వో ఖాతాను అక్కడి విదేశీ ఖాతాల నివేదికలో లెక్కలోకి తీసుకోవాలి. ఇక్కడ కట్టిన పన్నుకు అక్కడ క్రెడిట్ దొరుకుతుంది.

మామయ్యగారికి పవర్ ఆఫ్ అటార్నీ పంపేటట్టయితే అక్కడ నోటరీ, అపోస్టిల్ (ఇతర దేశాల్లో చెల్లేలా వేసే ప్రభుత్వ ధ్రువీకరణ) చేయించండి. కాగితం ఇండియాలో అడుగుపెట్టిన మూడు నెలల్లోపు ఇక్కడ స్టాంపు వేయించాలి. అందులో అద్దెకివ్వడం, అద్దె వసూలు, మరమ్మతులు, నోటీసులివ్వడం అంతవరకే రాయండి. అమ్మే అధికారం అడగకుండానే టైపిస్టు నమూనాలో వచ్చేస్తుంది, ఆ పేరా కొట్టేయించండి.